మగ్గుల ఆంటీ శాంతమూర్తి కాదు

మా పక్కింటి ఆంటీ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. కబురు అంకులే స్వయంగా తెచ్చాడు. గేటు తీసుకుని వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి, "మీ ఆంటీ పోయింది బిడ్డా" అన్నాడు. అప్పటికి నా హీట్ ప్రెస్‌లో, అంటే చాయ్ మగ్గుల మీద ఫోటోలు అచ్చువేసే మిషన్‌లో, ఒక మగ్గు బిగించి ఉంది. మిషన్ కూత పెట్టేదాకా ఆగి, మగ్గు తీసి, వేడి మీదే కాగితం లాగేసి, స్విచ్ ఆపి అప్పుడు అంకుల్ వెంట వెళ్లాను. ఇది తెలిసి మా వాడలో కొందరు నాది రాతి గుండె అన్నారు. అననివ్వండి. ఎవరో ఒక పిల్ల పుట్టినరోజు మగ్గును సగంలో మాడబెట్టి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చానని తెలిస్తే, ఆంటీ పాడె మీది నుంచే లేచి నన్ను తిట్టేది.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక ఒక పెద్దాయన మాట్లాడాడు. "ఈ సహోదరి శాంతమూర్తి, ఎన్నడూ ఎవరినీ ఒక మాట అనలేదు, ఎవరితోనూ ఒక మాట పడలేదు" అన్నాడు. నాకు ఆ దుఃఖంలోనూ నవ్వొచ్చింది. పక్కన నిలబడ్డ ఆడవాళ్లేమో "పాపం, కష్టాలే చూసింది" అని కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ఈ రెండూ అబద్ధమే. ఆమె శాంతమూర్తి కాదు, పాపమనిపించుకునే మనిషీ కాదు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

ఆరేళ్ల కిందట నేను నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని వరంగల్‌లోని మా అమ్మగారింటికి వచ్చేశాను. నా భర్త చెయ్యి చేసుకునేవాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. చివరిసారి నా ఎడమ మణికట్టు విరిగింది. మా నాన్న జంపఖానాలు నేస్తాడు. ముందు గదంతా ఆయన మగ్గమే. నేను వెనక గదిలో పాపతో కూర్చుని, మగ్గం చప్పుడు వింటూ మూడు నెలలు బయటికి రాలేదు. వచ్చినవాళ్లందరూ ఒకటే అడిగేవాళ్లు, ఎప్పుడు పోతావని.

ఆంటీ ఒక్కతే ఆ మాట అడగలేదు. ఒకరోజు మధ్యాహ్నం నేరుగా వెనక గదిలోకి వచ్చి నిలబడింది.

"నీకు కంప్యూటర్ల తెలుగు కొట్టొస్తదంట గదా?"

పెళ్లికి ముందు నేను ఒక శుభలేఖల ప్రెస్సులో టైపింగ్ చేశాను. వస్తుందన్నాను.

"అయితె జర రా. నా మిషన్ల ఒత్తులన్నీ ఊడి పక్కకు పడుతున్నయ్. ప్రశాంత్ అని కొడితె ఏదో బూతు లెక్క అస్తాంది."

మా అమ్మ మొహమాటంగా, "దానికి చెయ్యి ఇంకా బాగైతలేదు వదినా" అంది.

"కుడి చెయ్యి బాగనే ఉన్నది గదా" అంది ఆంటీ.

ఆమె నా మీద జాలిపడి పిలిచిందని ఈ రోజుకీ వాడలో చెప్పుకుంటారు. కాదు. ఆమెకు పని పడింది, నాకు ఆ పని వచ్చు, అంతే. ఆ మూడు నెలల్లో నన్ను చూసి నిట్టూర్చకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

ఆంటీ ఇరవై ఏళ్లకు పైగా ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు అతికించే పని చేసింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ స్టూడియో మూతపడింది. అప్పటికి ఆమె యాభై దాటింది. రైల్వేలో రిటైరైన అంకుల్ ఇంట్లో కూర్చోమన్నాడట. కూర్చోకుండా మగ్గుల మీద ఫోటోలు వేసే మిషన్ తెప్పించి, ఫోన్‌లో వీడియోలు చూసి తనకు తానే నేర్చుకుంది. మగ్గులంటే స్నానాల గదిలో చెంబులని మా అమ్మ చాలాకాలం అనుకుంది. మా నాన్న మాత్రం, "నాది మగ్గం, నీది మగ్గు. సున్నా ఒక్కటే తేడా" అని ఒకసారి నవ్వాడు. నేనింటికొచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

నేను చేసిన మొదటి మగ్గు చెడిపోయింది. కాగితం మీద బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింట్ తీయాలి. అప్పుడే మగ్గు మీద సరిగ్గా పడుతుంది. నేను తిప్పడం మరిచిపోయాను. 'లావణ్య' అన్న పేరు వెనకా ముందుగా పడింది. భుజాలు దగ్గరికి లాక్కున్నాను. అప్పటికి నాకు ఏ చిన్న వస్తువు పగిలినా దెబ్బ పడుతుందని ముడుచుకునే అలవాటుండేది. ఆంటీ అది చూసింది. ఆ మగ్గులోనే చాయ్ పోసి నా ముందు పెట్టింది. వాళ్లింట్లో మంచి మగ్గు ఒక్కటీ ఉండేది కాదు. వంకరపోయిన పెళ్లికొడుకులు, నీలంగా మారిన తాతలు, రెండు ముక్కులతో పసిపిల్లలు, అన్నిట్లోనూ చాయే. అవన్నీ తాను చెడగొట్టినవేనని ఒక్కొక్కటీ చూపించి చెప్పింది.

ఆ తర్వాత పని నేర్పింది. గట్టిగానే నేర్పింది. కాగితం కదలకుండా టేపు బిగించడం, మరీ బిగిస్తే అంచు మాడిపోవడం, వానాకాలంలో తేమ పట్టిన కాగితం వల్ల బొమ్మ మీద చుక్కలు పడటం. ఆ కాగితాల్ని ఆమె గట్టి మూతున్న పెద్ద స్టీలు డబ్బాలో దాచేది. హైదరాబాద్ నుంచి పార్సిల్‌లో కొత్త సరుకు వస్తే, ఒక మగ్గు తీసి ప్రింట్ వేసి, వారం రోజులు అంట్లతోపాటు పీచుతో తోమేది. రంగు దిగితే మొత్తం సరుకు తిప్పి పంపేది. ఫోన్‌లో ఆ వ్యాపారి గొంతు పెంచితే తానూ పెంచేది.

మిషన్ తెరవగానే పొగలు కక్కే మగ్గు మీంచి కాగితం లాగాలి. నాకు భయం. చల్లారనిచ్చేదాన్ని. అప్పుడు రంగు మసకబారేది.

"వేడి మీదనే గుంజు. ఒక్కటే గుంజుడు. భయపడుకుంట మెల్లగ తీస్తెనే మరక పడేది" అనేది.

ఫోటోల విషయంలో ఇంకో మాట కూడా అనేది: "కండ్లు సక్కగ రానియ్యి. ముక్కు జర అటిటైనా నడుస్తది. కండ్లు పోతె మనిషే పోతడు."

ఏడాది గడిచేసరికి కొలతలు చూడకుండా కాగితం కత్తిరించగలిగాను. ఆ ఫిబ్రవరిలో, మా ఇంటికి రెండు వీధుల అవతలున్న ఒక ప్రైవేటు స్కూలు పెద్ద ఆర్డర్ ఇచ్చింది. పదో తరగతి పిల్లల వీడ్కోలు సభకు తొంభై రెండు మగ్గులు. ఒక్కోదాని మీద ఒక్కో పిల్ల ఫోటో, పేరు. మాకు అంత పని ఎప్పుడూ రాలేదు. సగం అయ్యేసరికి ఆదివారం వచ్చింది. ఆదివారం మా ఇంటికి పెద్దమనుషులొచ్చారు.

నా భర్త తరఫున నలుగురు. మా నాన్న మగ్గం పక్కన కుర్చీలు వేశాడు. తాను నిలబడే ఉన్నాడు. వాళ్లలో పెద్దాయన, తెల్ల చొక్కాయన, మెత్తగా మొదలుపెట్టాడు. మగవాడన్నాక కోపం వస్తుందట, ఆడపిల్ల సర్దుకుపోవాలట, పాపకు తండ్రి కావాలట. నేను గోడకు ఆనుకుని నేల చూస్తున్నాను. అప్పుడు ఆంటీ లోపలికి వచ్చింది. చేతులకు ఇంకా టేపు ముక్కలు అంటుకునే ఉన్నాయి. ఎవరూ కూర్చోమనలేదు. మగ్గం పలక మీద కూర్చుంది.

"నువ్వెవరమ్మా మధ్యల?" అన్నాడు ఆయన.

"పక్కింటిదాన్ని. ఈ పిల్ల నా కాడ పనిచేస్తది."

"మగ్గుల మీద బొమ్మలేసుడు గూడ ఒక పనేనా?"

"పనే. గురువారం లోపల స్కూలుకియ్యాలె. అందుకే తొందరగ మాట్లాడుకుందామని అచ్చిన." చేతికంటిన టేపు ముక్క పీకేస్తూ అడిగింది, "సర్దుకోమంటాన్రు గదా, ఎంతదాక సర్దుకోవాలె? జర కొలత చెప్పుండ్రి. ఒక చెయ్యి ఇరిగింది. ఇంకొకటి గూడ ఇరిగేదాకనా?"

ఆ పెద్దాయన మా నాన్న వైపు తిరిగి, "ఏందిది, ఆడోళ్లతోని మాట్లాడిపిస్తానవ్?" అన్నాడు. నాన్న తల దించుకున్నాడు. ఆయన మీద అప్పుడు నాకు కోపం వచ్చింది. దాచుకోను.

ఆంటీ నా తరఫున జవాబు చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. నా వైపు తిరిగి, "నోరు నీకున్నది. నువ్వే చెప్పు" అంది.

"నేను పోను" అన్నాను. మళ్లీ గట్టిగా అన్నాను. "నేను పోను. కోర్టుల తేల్చుకుంట."

వాళ్లు చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయారు.

బుధవారం సాయంత్రానికి తొంభై రెండు మగ్గులూ పూర్తయ్యాయి. గురువారం పొద్దున స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. ఆ మగ్గులు వద్దన్నారు. ఆంటీ కారణం అడిగింది. అవతలి క్లర్కు నసిగి నసిగి చెప్పాడు, సంసారాలు కూలగొట్టేవాళ్ల దగ్గర తీసుకోవద్దని పైనుంచి మాటొచ్చిందని. ఆ తెల్ల చొక్కాయన స్కూలు యజమానికి వియ్యంకుడని మాకు అప్పుడే తెలిసింది.

నా మూలంగా ఆమె పనంతా మట్టిపాలైంది. ఆ మాటే అన్నాను. ఆంటీ అట్టపెట్టెల ముందు చాలాసేపు నిలబడింది. ఆమెకూ ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ తర్వాత ఒక మగ్గు తీసి, దాని మీది పిల్ల మొహాన్ని కొంగుతో తుడిచింది.

"పేరు పడ్డంక ఇది గా పిల్లది. నాది గాదు, గా స్కూల్ది అసలే గాదు. పోయి ఇచ్చొద్దాం పా."

ఆ మధ్యాహ్నం అంకుల్‌ను బతిమాలి ఆటో పిలిపించి, పెట్టెలన్నీ ఎక్కించి, బడి విడిచే వేళకు గేటు ఎదురుగా దించాము. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, ఇక్కడ నిలబడొద్దని అరిచాడు.

"నేను రోడ్డు మీద నిలబడ్డ. రోడ్డు గూడ మీ సారుదేనా?" అంది ఆంటీ.

గంట కొట్టగానే ఒక్కో మగ్గు ఎత్తి పేరు చదివింది. నన్నూ చదవమంది. ఏడాది కిందటిదాకా గది దాటని నేను నడిరోడ్డు మీద నిలబడి పిల్లల పేర్లు గట్టిగా పిలిచాను. మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక పొడుగు జడల అమ్మాయి రోడ్డు దాటి వచ్చి, తన మొహం తాను చూసుకుని, "ఇది నేనే" అంది. ఆ తర్వాత గుంపుగా వచ్చారు. లోపలి నుంచి ఒక సారు వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు. పిల్లల చేతుల్లోంచి మగ్గులు లాక్కోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. చివరికి మూడు మిగిలాయి, ఆ రోజు బడికి రాని పిల్లలవి. వాళ్ల ఇళ్లు కనుక్కుని వెళ్లి ఇచ్చాము.

ఇది సినిమా కాదు కాబట్టి మరునాడే అందరూ మమ్మల్ని మెచ్చుకోలేదు. నాలుగు నెలలు మా వాడ నుంచి ఒక్క ఆర్డరూ రాలేదు. ఆమె ప్రార్థనకు పోతే పక్కన కూర్చునేవాళ్లు జరిగి కూర్చున్నారు. ఆమె ఇంకా ముందు వరుసలోకి మారింది. ఆదివారాలు మేమిద్దరం కోటలోని రాతి తోరణం బొమ్మ వేసిన మగ్గులు బుట్టలో పెట్టుకుని ఖిలా వరంగల్ వెళ్లి, చూడవచ్చినవాళ్లకు అమ్మాము. ఎండకు ఆమె తలమీద కొంగు, నా కూతురి తలమీద అట్టముక్క. ఆ తర్వాతే మెల్లగా, గేటు ముందు మగ్గులు తీసుకున్న పిల్లల అమ్మానాన్నలు ఒక్కొక్కరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పెళ్లిరోజులు, పుట్టినరోజులు, రిటైర్మెంట్లు. నా కేసు రెండేళ్లు నడిచి ముగిసింది. పాప నా దగ్గరే ఉంది. ఇప్పుడు ఐదో తరగతి.

పోయినేడు ఆంటీకి గుండె జబ్బు బయటపడింది. బరువులెత్తొద్దన్నారు. మిషన్‌ను మా ఇంటికి పంపించి, రోజూ పదకొండింటికి తానూ వెనకే వచ్చేది, విశ్రాంతి తీసుకోవడానికి అని చెప్పి. ఒక్కో మగ్గునూ వెలుగులో తిప్పి చూసి, తప్పు పట్టందే ఇంటికి పోయేది కాదు. కొన్నిసార్లు నాకు విసుగొచ్చి ఎదురు చెప్పేదాన్ని. అలా చెప్పిన రోజుల్లో ఆమె కొంచెం సంతోషంగా ఉండేదని నా అనుమానం.

చివరిసారి దవాఖానలో చూశాను. మూతికి మాస్కు ఉంది, మాట్లాడించొద్దని నర్సు చెప్పింది. ఆంటీ వేలితో మాస్కు కిందికి లాగింది.

"మొన్న మీ అంకుల్ తెచ్చిన మగ్గు చూసిన. హ్యాండిల్ కాడ తెల్ల గీత ఇడిసినవ్."

"తొందరల అయింది ఆంటీ."

"నాకు బాగలేదని నీకు తొందరెందుకు?" అంది. నర్సు వచ్చి మాస్కు సర్దింది. నా చెయ్యి పట్టుకోలేదు, దీవించలేదు. ఆ గీత గురించే మాట్లాడింది. నాకు అది చాలు.

ఆమెను మట్టి చేసి వచ్చిన మూడో రోజు, వీధి అరుగు మీద కూర్చున్న ఒకాయన మా నాన్నను ఆపి, "ఇగ ఆ మగ్గుల పని బంద్ జేస్తరా? బిడ్డకు ఎక్కడన్న సంబంధం జూస్తవా?" అని అడిగాడట. నాన్న నాకు ఈ సంగతి చెప్పలేదు. అమ్మ చెప్పింది. ఆయన అటు నుంచి అటే చౌరస్తాలో బోర్డులు రాసేవాడి దగ్గరికి వెళ్లాడట. రెండు రోజుల తర్వాత చంకలో ఒక రేకు బోర్డు పెట్టుకుని వచ్చాడు. ఇన్నేళ్లూ మా ఇంటికి బోర్డు లేదు.

మిట్ట మధ్యాహ్నం వేళ, అరుగుల మీద అందరూ ఉండగా, స్టూలు ఎక్కాడు. 'ఇచ్చట మగ్గుల మీద ఫోటోలు, పేర్లు వేయబడును' అని పసుపు మీద ఎర్ర అక్షరాలు. దాని కింద నా పేరు, నా ఒక్కదాని పేరే. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఒక మేకు కొట్టాడు. బోర్డు ఒక పక్కకు వాలింది. అరుగు మీది నుంచి ఎవరో, వంకర పోయిందన్నారు. ఆయన వెనక్కి తిరగలేదు. పెదాల మధ్య ఇంకో మూడు మేకులు, ఎర్ర రంగు అంటిన వేళ్లు, మెడ మీద చెమట. ఎడమ చేత్తో బోర్డును పైకి ఎత్తిపట్టి, వీధంతా వినబడేలా రెండో మేకు కొడుతున్నాడు.