తడి మూలా అడవే

అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా తెలుగు చర్చికి వచ్చేవాళ్లంతా దాదాపు కంప్యూటర్ ఉద్యోగులే. నాది మాత్రం అడవుల్లో చెట్లు కొలిచి, ఎంత కలప ఉందో అంచనా కట్టే పని. చెట్లు కొలవడానికి మాస్టర్స్ చేశావా అని నవ్వేవాళ్లకు జవాబు చెప్పడం మొదటి ఏడాదే మానేశాను.

కిందటి శీతాకాలం మా చర్చి పెద్ద ఒకాయన మా కంపెనీకి ఫోన్ చేశారు. గంటన్నర దూరంలో ఆయనకు పైన్ అడవి ఉంది. ఎక్కడ కొన్ని చెట్లు నరికి పలచన చేయాలో తేల్చుకోవాలంటే ముందు కలప ఎంతుందో తెలియాలి. ఆ పని నాకు పడింది. మన అమ్మాయే వచ్చిందని అంకుల్ సంతోషించారు.

అడవిలో ప్రతి చెట్టునూ కొలవలేం. మ్యాపు మీద సమదూరంలో చుక్కలు పెట్టుకుని, ఒక్కో చుక్క చుట్టూ ఒకే కొలతతో వృత్తం తీసుకుంటాం. అందులోని చెట్లన్నిటికీ ఛాతీ ఎత్తున టేపు చుట్టి, పొడవు చూస్తాం. చుక్క ఎక్కడ పడితే అక్కడే కొలవాలి. ఈ పనిలో నిజాయితీ అంటే అదే.

మధ్యాహ్నం వరకు మెరకలో ఏపుగా పెరిగిన చెట్లే తగిలాయి. తర్వాతి చుక్క పల్లంలో పడింది. మోకాలి లోతు నీళ్లు, ముళ్లతీగలు, పురుగు పట్టి నిలువునా ఎండిన మానులు. అంకుల్ గట్టు మీదే ఆగిపోయారు.

"అక్కడికెందుకమ్మా? కొంచెం ఇటు మూవ్ చేసెయ్. ఎవరు చెక్ చేస్తారు?"

"ఆ మూల కూడా మీ అడవే కదా అంకుల్."

"పెద్దవాణ్ణి చెప్తున్నాను."

"మీరంటే గౌరవమే. చుక్క మాత్రం జరపను."

నీళ్లలోకి దిగాను. ఆ వృత్తంలో బతికున్నవి మూడే చెట్లు, అవీ బక్కవి. మూడూ రాసుకున్నాను. గట్టెక్కేసరికి ఆయన కార్‌లో కూర్చుని ఉన్నారు. బూట్లలోని నీళ్లు ఒంపేసి తర్వాతి చుక్క వైపు నడిచాను.

ఆదివారం ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి, పెద్దాయన మాట వింటే ఏం పోయేదని అడిగారు. మా పాస్టర్ ప్రార్థనలో వినయం గురించి మాట్లాడితే అది నాకేననిపించింది. తల దించుకోలేదు.

ఈలోగా అంకుల్ మా మేనేజర్‌కు ఫోన్ చేసి, ఆ అమ్మాయికి అనుభవం లేదు, ఇంకెవరినైనా పంపమన్నారు. ముప్పై ఏళ్లుగా అడవుల్లో తిరుగుతున్న మేనేజర్ తనే వెళ్లి కొన్ని చుక్కల దగ్గర మళ్లీ కొలిచాడు. మెరకలో రెండు చెట్ల పొడవు నేను ఎక్కువ రాశానన్నాడు. దిద్దాను. దాంతో కలప అంచనా ఇంకాస్త తగ్గింది. పల్లంలో అతనికీ మూడే దొరికాయి.

ఆ వసంతంలో అంకుల్ మెరకలోనే చెట్లు తీయించి, పల్లం జోలికి పోలేదు. నాతో పలకరింపు మాత్రం ముక్తసరి అయింది. ఈమధ్య ఆయన స్నేహితుడొకరు తన అడవి కూడా కొలవాలని నాకు ఫోన్ చేశారు. మీరు చూపించిన చోట కొలవను, ముందే చెప్తున్నానన్నాను. అయితే ఎప్పుడు రాగలరని ఆయన అడిగారు.