అక్క ముందుగా దించిన తుపాకి

మదనపల్లె టమోటా మార్కెట్ పక్కన టీ అంగట్లో ఆ పొద్దున నా గొంతే పెద్దది. పక్క దేశం నుంచి వచ్చిన ఉగ్రవాదులు జనాన్ని కాల్చి చంపారని టీవీలో చూపిస్తున్నారు. "మాటలేంది, చర్చలేంది! బాంబులేసి ఆ దేశాన్నే లేకుండా సేయాల" అని బల్ల గుద్దాను. టీ ఒలికి నా పంచె మీదే పడింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, దాచుకునేదేముంది.

అప్పుడే ఫోనొచ్చింది. చౌడేపల్లె దగ్గర పల్లెలో ఉండే మా అక్క ఆవు చచ్చిపోయిందట. అడవిపందుల కోసం ఎవరో పిండిలో చుట్టి గట్టు మీద పెట్టిన నాటుబాంబును మేతకు పోయి కొరికింది. దవడ ఎగిరిపోయింది. పక్క పల్లెలో ఆ ఉండలు చుట్టేవాళ్ళున్నారని అందరికీ తెలుసు. ఇది పెట్టినవాడెవడో మాత్రం తెలియదు.

వెంటనే అక్క కొడుకు ఫోన్ చేశాడు. కుప్పంలో ఆటో నడుపుతాడు. "వస్తాండాను మామా. మా అటక మీద తుపాకి దించి పెట్టు. ఈ పొద్దు ఆ పల్లెలో ఒగడన్నా పోవాల." వద్దని చెప్పాల్సిన పెద్దవాణ్ణి నేను. "రారా, సూసుకుందాం" అన్నాను! పుంగనూరులో బస్సు మారేటప్పుడు కూడా ఆ పాత నాటు తుపాకి పేలుతుందా లేదా అన్నదే నా దిగులు.

పోయేసరికి అక్క వాకిట్లోనే ఉంది. తుపాకి గోనెసంచిలో చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఇటియ్యక్కా."

"యాల? బాంబు పెట్టినోడు ఎవుడో తెలుసునా నీకు? ఒగడు సేసినదానికి పల్లె మీద పడతావా? ఆ పల్లెలో పసిబిడ్డలుండారు. నా కొడుకు వచ్చేలోపల ఇది తెగిపోవాల. నోరు మూసుకోని నాతో రా."

పక్క పల్లెవాళ్ళు మమ్మల్ని చూసి కట్టెలు పట్టుకున్నారు. అక్క అదరలేదు, బెదరలేదు. వాళ్ళ పెద్దమనిషి కాళ్ళ ముందు తుపాకి పెట్టింది.

"మాకుండేది ఇదొగటేనప్పా. నా కొడుకు కోపంతో వస్తాండాడు, వాని సేతికి ఇది దొరక్కూడదు. మీవి గూడా తెండి. అన్నీ పోలీసోళ్లకిచ్చేద్దాం. తప్పు సేసినోని సంగతి కోర్టు సూసుకుంటాది."

ఆ తుపాకే ఎత్తి మా మీదికి తిప్పుతారేమోనని నేను అక్క వెనక్కి జరిగాను. కాసేపటికి ఒకడు తలొంచుకుని బక్కెట్టు తెచ్చాడు. పేలకుండా నీళ్ళలో వేసిన పది పన్నెండు బాంబు ఉండలు. "నేనే పెట్టినానమ్మా" అన్నాడు. నా పిడికిలి బిగుసుకుంది. అక్క నా చెయ్యి పట్టుకుంది, వాళ్ళ పెద్దమనిషి పిలిపించిన పోలీసులు వచ్చేదాకా వదల్లేదు. ఈలోగా ఇంకో రెండు తుపాకులు కూడా వచ్చి మా తుపాకి పక్కన చేరాయి. ఉండలు పెట్టినవాడి మీద కేసు రాశారు.

మేనల్లుడు వచ్చి అటకంతా వెతికాడు. మమ్మల్నిద్దర్నీ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆఖరికి అన్నం తిని పడుకున్నాడు.

దేశాల మధ్య ఇంత సులువు కాదని నాకూ తెలుసు. అయినా టీ అంగట్లో యుద్ధం మాట వచ్చినప్పుడల్లా నాకు మా అక్కే గుర్తొస్తుంది. ఎంత ధైర్యం ఆ మనిషిది! నాకుందనుకున్నది ఒట్టి నోరే.

కొడుకు నిద్రపోయాక ఆమె కొట్టంలోకి పోయింది. ఖాళీ పలుపు పట్టుకుని గుండెలు బాదుకుని ఏడ్చింది. పొద్దున్నుంచీ మమ్మల్ని ఆపడంతోనే సరిపోయింది, ఆవు కోసం ఏడ్చే తీరిక ఆమెకు అప్పుడు దొరికింది.