మందుల దుకాణం పెద్దాయన మీద పడ్డ నింద

పదకొండేళ్ల కింద నాంపల్లిలోని మందుల దుకాణం పెద్దాయనకు ఒక మాట ఇచ్చాను. సోమవారం నా భార్యను దవాఖానకు తీసుకుపోయి, కడుపులోకి గొట్టం వేయించి పరీక్ష చేయిస్తానని. ఆ మాట తప్పాను. మొన్న పెద్దాయన పోయారు. సంతాప సభలో ఆయన్ని దేవుడన్నవాళ్లలో సగంమంది, ఒకప్పుడు ఆ దుకాణం మెట్లెక్కవద్దని గల్లీ అంతా తిరిగి చెప్పినవాళ్లే. వినలేక మధ్యలో లేచి వచ్చాను.

చదువు రానివాళ్లకు ఆయన కవరు మీద కంచం గీసి ఇచ్చేవారు. ఖాళీ కంచమైతే తిండికి ముందు, నిండు కంచమైతే తర్వాత. నాకు మాత్రం ఓపికగా విడమరిచి చెప్పేవారు.

"గీ తెల్ల మందు కడుపుల ఉన్న ఆసిడ్‌ను చల్లారుస్తది సార్, గంతే. గీ మాత్ర ఆసిడ్ తయారుగాకుంట ఆపుతది, అందుకే తినేకంటె అరగంట ముందు. గిదేమో తిన్నదాన్ని కిందికి తోస్తది, ఉబ్బరం తగ్గుతది."

రెండు వారాలు దాటితే డాక్టరు చీటీ లేకుండా ఇచ్చేవారు కాదు. "మంట తగ్గుతది సరే, లోపల పుండు మానిందని ఎట్ల తెలుస్తది?" అనేవారు.

నా భార్య కడుపుమంటకు మళ్లీ మాత్రలు అడగబోతే, విరేచనం ఏ రంగులో అవుతోందని అడిగారు.

"నల్లగా. ఐరన్ మాత్రలు వేసుకుంటోంది, వాటివల్లే," అన్నాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న వైద్య పుస్తకంలో అలాగే ఉందని కూడా చెప్పాను.

"బుక్కుల గట్లనే ఉంటది సార్. తారు లెక్క జిగటగ ఉండి వాసనొస్తే అది నెత్తురు. సోమవారం దవాఖానకు తీస్కపోండ్రి, కడుపులకు గొట్టమేసి చూస్తరు. మాటియ్యిండ్రి."

ఇచ్చాను. అప్పటిదాకా సరిపోయేటట్టు నాలుగే మాత్రలు కత్తిరించి ఇచ్చారు. వాటితో మంట తగ్గింది.

"గిప్పుడు మంచిగనే ఉన్న. గా గొట్టమంటేనే భయమైతుంది, జర ఆగుండ్రి," అంది నా భార్య సోమవారం పొద్దున. పుస్తకం తెరిచి ఐరన్ గురించిన పేరా చదివి వినిపించాను. ఆమె నిశ్చింతగా నవ్వింది. బుధవారం పొద్దున నెత్తురు కక్కుకుంది. పుండు నుంచి చాలా రోజులుగా నెత్తురు కారుతోందన్నారు దవాఖానలో. రెండు రోజులకు పోయింది.

దినాలు కాకముందే నా బావమరిది ఆ దుకాణం ముందు నిలబడి అరిచాడు. "నీ మాత్రలే మా అక్కను చంపినయి!"

పెద్దాయన నా వంక చూశారు. నేను పక్కనే ఉండి, బస్సు కోసం చూస్తున్నట్టు రోడ్డు వైపు తిరిగాను.

"బాధల ఉన్నవ్ తమ్మీ, అను," అన్నారాయన.

బావమరిది అన్న మాట గల్లీ అంతా పాకింది. జనం హిమాయత్‌నగర్ దాకా పోయి మందులు తెచ్చుకున్నారు. ఆయన మాత్రం రోజూ దుకాణం తెరిచి, ఖాళీ కౌంటర్ వెనుక స్టూలు మీద కూర్చునేవారు. ఎదురు ఫుట్‌పాత్ మీద పోతున్న నాకు చెయ్యెత్తి నమస్కారం పెట్టేవారు. నేను నడక పెంచేవాణ్ణి.

ఇన్నేళ్లూ బావమరిదిని తిట్టుకున్నాను. అతనికి అసలు సంగతి తెలియదు. తెలిసినవాళ్లం ఇద్దరమే. ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పవలసినవాణ్ణి నేను.