టైరు అతికించింది ఎవరు

రేసు సైకిల్ టైరును రిమ్ముకు అతికించే జిగురు డబ్బా మూత తియ్యగానే వాసన ముక్కుకు ఘాటుగా కొడుతుంది. ఈ పనిలో తొమ్మిదేళ్లయినా నాకది అలవాటు కాలేదు. దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని ఒక సైకిల్ షాపులో మెకానిక్‌ని నేను. మాది జగిత్యాల దిక్కు. ఈ పని నేర్పింది ఆంద్రె సారు, డెబ్బైకి దగ్గరపడ్డ ఫ్రెంచి మనిషి, మా వర్క్‌షాపుకు పెద్ద. ఆయన హిందీ, నా ఇంగ్లీషు రెండూ కుంటివే. అయినా రోజంతా మాట్లాడుకునేవాళ్లం.

ఎక్కువగా వాళ్ల నాన్న ముచ్చటే. రెండు పెద్ద యుద్ధాల నడుమ ఆయన ఫ్రాన్సులో రోడ్డు రేసులు తొక్కాడట. ఇంటింటికీ రొట్టెలు వేసే మనిషి రేసుల్లోకి వచ్చాడు. విడి టైరును జంధ్యంలా భుజాన వేసుకుని వానలో, బురదలో పొద్దంతా తొక్కాలి. కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో పక్కనున్న పెద్ద పళ్లచక్రానికి గొలుసు పడేలా తిప్పి బిగించుకోవాలి. ఆ రోజుల్లో గేరు మార్చడమంటే అదే. ఏడేళ్లు జట్టు నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కాడే తప్ప, తను ఒక్కటీ గెలవలేదు. ఒకే ఒక్కసారి, కొండ మీద అందరినీ దాటేసి ఒంటరిగా కిందికి దిగుతుంటే ముందు టైరు రిమ్ము నుంచి ఊడింది. తుంటి విరిగింది. రేసులు అంతటితో సరి.

"జిగురు ఆరకముందే టైరు ఎక్కించి ఇచ్చింది జట్టులోని స్నేహితుడు," అన్నాడు సారు. "పేపరువాళ్లు అడిగితే నాన్న 'నేనే అతికించుకున్నా' అన్నాడు. చచ్చేదాకా అదే మాట."

"గంత మంచోడా సార్? నేనైతే వాన్ని నలుగురిల నిలవెట్టి కడిగిపారేస్తుంటి!"

సారు నవ్వాడు. "జిగురు ఆరడానికి ఒక రోజంతా ఇవ్వు. ఎవరినీ కడగక్కర్లేదు."

ఆ వయసులోనూ సారు ప్రతి శుక్రవారం పొద్దున్నే ఊరి బయట మెసయీద్ దారిలో సైకిల్ తొక్కేవాడు. చేతులు వణుకుతుండటంతో ఆయన టైర్లు కూడా నేనే అతికించేవాణ్ణి. ఒకసారి బుధవారం చెప్పిన పని, ఇంటికి వీడియో కాల్‌లో పడి మరిచిపోయాను. గురువారం సాయంత్రం గబగబా జిగురు పూసి టైరు ఎక్కించాను. "ఎప్పుడు అతికించావు?" అని అడిగాడు. "నిన్ననే సార్," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి ఆ అబద్ధం!

మర్నాడు ఒక మలుపులో టైరు ఊడింది. తండ్రిలాగే ఆయనకూ తుంటి విరిగింది. హాస్పిటల్లో మంచం పక్కనే నిలబడి షాపు ఓనరు అరిచాడు. "టైరు అతికించింది ఎవరు? వాణ్ణి ఇవాళే ఊరికి పంపిస్తా, ఖలాస్!" ఊళ్లో నా భార్యకు నెలలు నిండాయి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. సారు కళ్లు తెరవకుండానే "నేనే" అన్నాడు. ఓనరు ఆ వణికే చేతుల వైపు ఒకసారి చూసి, నిజమేననుకుని బయటికి నడిచాడు. నేనూ నోరు విప్పలేదు. థూ, ఏం బతుకు!

సారు మళ్లీ మంచం దిగలేదు. ఆయన దగ్గరైనా ఒప్పుకుందామని వెళితే, ఆయనే ముందు అడిగాడు. "ఇవాళ ఏం చేశావు?"

"ఒక టైరు అతికించిన సార్."

"ఎప్పుడు?"

"ఇయ్యాల పొద్దుగాల."

"అయితే రేపటిదాకా ఇవ్వకు," అన్నాడు. మూడో రోజు పోయాడు.

ఓనరుకు ఇంతవరకు చెప్పలేదు. సారు మాట నిలబెడుతున్నానని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. కాదు, అది ఉత్త భయం. అయితే అప్పట్నుంచి నేను అతికించిన ప్రతి చక్రానికి తేదీ, నా పేరు రాసి చీటీ కడతాను. మొన్న ఒక కస్టమర్ తొందరపెట్టాడు. "యల్లా భాయ్, ఇప్పుడే ఇచ్చెయ్." రేపు రమ్మన్నాను. అతను చీటీ తిప్పి చూసి, "దీని మీద నీ పేరెందుకు?" అన్నాడు.

"నువ్వు పడితే, ఇంకెవరూ 'నేనే' అనకుండా," అన్నాను.