ఆమె కొట్టేసిన ‘లు’

నా భార్య గత నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం మా ఇంట్లోనే పోయింది. పొద్దున రెండు చెంచాల రాగిజావ తాగింది. పదింటికి నర్సు వచ్చి నొప్పి తగ్గడానికి నాలుక కింద చుక్కలు వేసింది. పన్నెండు దాటాక కిటికీ తెర తీయమంది. తీశాను. ఆ తర్వాత ఏమీ అడగలేదు. రెండున్నరకి ఊపిరి ఆగింది. నర్సు టైమ్ రాసుకుంది. మిగిలిన మార్ఫిన్‌ని ఎవరూ మళ్లీ వాడకుండా కాఫీ పొడిలో పోసి కలిపి, సంచిలో మూటకట్టి, నా చేత సంతకం పెట్టించుకుంది. ఆ పద్ధతి నా భార్యకు నచ్చి ఉండేది. తప్పేమైనా ఉంటే చెప్పి ఉండేది కూడా.

ఇక్కడ అమెరికాలో, మన ట్రాయ్ ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా ఫార్మసిస్టుగా చేసింది. మన తెలుగు సంఘంలో చాలామందికి ఆమె ఆ కౌంటర్ వెనక నుంచే తెలుసు. కళ్లజోడు ముక్కు మీదికి దించి, సీసా మీద లేబుల్ రెండుసార్లు చదివి, అప్పుడు గాని చేతికిచ్చేది కాదు.

ఎవరింటికి భోజనానికి వెళ్లినా చేతులు కడుక్కుంటానని బాత్‌రూమ్‌లోకి వెళ్లి, అద్దం వెనక అల్మారా తెరిచి చూసేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఏదో ఒక పాత సీసా పట్టుకుని బయటికొచ్చేది.

‘వదినా, ఇవి అన్నయ్యగారి మోకాలి ఆపరేషన్‌కిచ్చిన నొప్పి మాత్రలు, మత్తువి. మూడేళ్లయింది. ఇంట్లో హైస్కూల్ పిల్లాడున్నాడు. ఎందుకుంచారు?’

‘పారేయబుద్ధి కాలేదు వదినా. ఇన్సూరెన్స్ కవర్ చేసింది కదా!’

ఆమె నాగపూర్ రైల్వే కాలనీలో పెరిగింది. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. మాత్ర ఒకటైనా, పదైనా ఆమెకు ‘మందు’. రాత్రి భోజనం కాగానే ఎందరున్నా ‘ఏవండీ, మందు వేసుకున్నారా?’ అని అడిగేది. నా బీపీ మాత్ర గురించి. ‘అదృష్టవంతుడివిరా, మా ఇంట్లో వేసుకోవద్దంటారు’ అనేవాడు మా స్నేహితుడు. ఆమె ఆ మాట మార్చుకోలేదు.

కొన్నేళ్ల కిందట మా ఊరి పోలీస్ స్టేషన్ నుంచి ఒక ఆఫీసరమ్మ ఆమె షాపుకు వచ్చింది. వాడని మాత్రలు వేయడానికి స్టేషన్ లాబీలో ఒక పెట్టె ఉందట. మనవాళ్లు ఒక్కరూ రావడం లేదు, ఎందుకని అడిగింది. ‘అది స్టేషన్లో ఉంది కాబట్టి’ అంది నా భార్య. ఏడాదికి రెండు శనివారాలు స్టేషన్ బయట, పార్కింగ్ పక్కన బల్ల వేద్దామని ఇద్దరూ అనుకున్నారు. తెలుగులో కరపత్రం తనే రాసింది: ‘మీ ఇంట్లో మిగిలిపోయిన మందు తెచ్చి పోలీసులకు ఇచ్చేయండి. పేరు చెప్పక్కర్లేదు. ఎవరూ ఏమీ అడగరు.’ నాకు చూపించకుండానే వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

‘మిగిల్తే కదా వదినా!’ అని ఒకరు.

‘పోలీసులకి అంత కరువొచ్చిందా? సాయంత్రం మా ఇంటి వెనక డెక్ మీదికి రమ్మనండి. పకోడీలు నావి.’

‘ఆంటీ, స్కాచ్ తీసుకుంటారా, ఓన్లీ రమ్మా?’

ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు సంఘానికి కార్యదర్శిని నేను. ‘లు’ చేర్చి మళ్లీ పెట్టమన్నాను. ‘అందరికీ అర్థమైందిగా’ అంది.

ఆ శనివారం బాగా చలిగా ఉంది. నా భార్య కాఫీ తేవడానికి లోపలికి వెళ్లింది. ఆఫీసరమ్మ, ఆమెతో వచ్చిన, వ్యసనాలు మానడానికి సాయపడే ఒక కౌన్సిలర్ కొంచెం అవతల ఎవరో పెద్దాయన కారు దగ్గర ఉన్నారు. బల్ల దగ్గర నేనొక్కణ్నే. మనకు తెలిసిన అమ్మాయి ఒకామె వచ్చింది. భర్త సాఫ్ట్‌వేర్. వీసా మీద ఉన్నవాళ్లు. చేతిలో కిరాణా సంచి, అందులో సగం ఖాళీ అయిన విస్కీ సీసా.

‘అన్నయ్యా, ఇది ఇక్కడ ఇవ్వొచ్చా?’

‘అయ్యో, ఇది టాబ్లెట్స్‌కమ్మా. కరపత్రంలో తప్పు పడింది.’

‘ఓ... మరి ఏమీ అడగరని రాశారు కదా.’

‘తీసుకెళ్లిపో తల్లీ, సాయంత్రం మీ ఆయన వెతుక్కుంటాడు’ అని నవ్వాను.

ఆమె కూడా నవ్వింది. ‘సారీ అన్నయ్యా’ అని సంచి మూతి చుట్టి, కార్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇంటికి వస్తూ కార్లో దీన్ని తమాషాగా చెప్పాను. డ్రైవ్ చేస్తున్న నా భార్య నవ్వలేదు. స్టాప్ సైన్ దగ్గర ఆపిన కారు ఎంతకీ కదిలించలేదు.

‘సీసా పారబోయడానికి ఆ పిల్లకి ఇంట్లో సింకు లేదా?’ అంది. ‘ఎవరితోనైనా మాట్లాడదామని వచ్చిందండీ. వట్టి చేతుల్తో రాలేక అది పట్టుకొచ్చింది.’

‘వీసా మీదున్నవాళ్లు. పోలీసుల దగ్గర పేరు పడితే? ఇంకొకళ్ల సంసారం మనకెందుకు?’

‘పేరు అడగరని రాశాను కదండీ నేను.’

మర్నాడు వాళ్లింటికి వెళ్లింది. ఆ అమ్మాయి తలుపు సగమే తీసిందట. ‘ఏం లేదు వదినా, ఊరికే జోక్‌కి తెచ్చాను’ అందట. నేను ఆమెకు నేర్పిన జవాబు అది.

మూడు నెలల తర్వాత ఆ అమ్మాయి భర్త తాగి, కూతుర్ని డాన్స్ క్లాసు నుంచి తెస్తూ, ఆగి ఉన్న కారును గుద్దాడు. పాప మణికట్టు విరిగింది. అతన్ని అరెస్టు చేశారు. కోర్టు, లైసెన్స్ రద్దు, తాగుడు మానే క్లాసులు అన్నీ అయ్యాయి. ఆ కబురు తెలిసిన రోజు నా భార్య నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత ఒకసారి ఆఫీసరమ్మను నేనే అడిగాను. ఆ రోజు ఆ అమ్మాయి మీ దగ్గరికి వచ్చి ఉంటే ఏం చేసేవారు అని. లోపల కూర్చోబెట్టి తలుపు మూసేవాళ్లం, కౌన్సిలర్ని తీసుకొచ్చింది అలాంటివాళ్ల కోసమే, సాయం అడగడానికి వచ్చినవాళ్ల మీద కేసు రాయం అని చెప్పింది. అరవై అడుగుల దూరంలో ఉంది ఆ సాయం. మధ్యలో నేనున్నాను.

‘పట్టుకున్నాక పోలీసులు చేసే పని అందరికీ కనిపిస్తుంది’ అంది నా భార్య, ఆ సంగతి చెప్పినప్పుడు. ‘పట్టుకోకముందు చేయాల్సింది వాళ్లకీ ఉంది, మనకీ ఉంది.’

తర్వాతి బల్లకు కరపత్రం నేను టైప్ చేశాను. ‘మందులు’ అనే వేశాను. ప్రింట్ చేసిన కాగితాలు డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని ఆమె పెన్నుతో ఒక్కొక్క దాంట్లో ‘లు’ కొట్టేసింది. వద్దన్నాను. ‘ఎవరికి ఏది బరువైతే అది తెచ్చుకుంటారు లెండి’ అంది. ఆ శనివారం మాత్రలతో పాటు సీసాలు వచ్చాయి. సీసాలతో మనుషులు వచ్చారు. లోపల గది తలుపు రెండుసార్లు మూసుకోవడం నేను చూశాను.

దాంతో ఆమెకు ధైర్యం వచ్చింది. ‘ఈ ఉగాదికి ఆఫీసరమ్మని మన హాలుకి పిలుద్దామండీ. పది నిమిషాలు చాలు. పిల్లలూ పెద్దలూ ఒకే చోట వింటారు.’

‘పండగపూట పోలీసా? జనం ఏమనుకుంటారు?’

‘ఎవరింట్లోనూ ఏమీ లేకపోతే ఏమీ అనుకోరు.’

మరుసటి ఏడాది మళ్లీ అడిగింది. ప్రోగ్రామ్ నిండిపోయిందన్నాను. ఆ రోజు మనం ముప్పావు గంట తంబోలా ఆడాం. మీలో చాలామంది ఉన్నారు. ఆమె వెనక వరసలో కూర్చుని నంబర్లు కొట్టుకుంటూ ఉంది. మూడో ఏడు ఉగాదికి ఆసుపత్రిలో ఉన్నాం. ఆమె అడగలేదు. నేనూ ఎత్తలేదు. జబ్బు మనిషికి ఈ సంగతులెందుకని అనుకున్నాను. నిజానికి ‘నేను తప్పు చేశాను’ అనడానికి ఆ గదిలో నాకు బోలెడంత సమయం ఉంది.

నిన్న సాయంత్రం, ఆ రోజు సీసాతో వచ్చిన అమ్మాయి చారు, బీన్స్ కూర తెచ్చింది. గిన్నెలు నేను కడుగుతానంటే వినలేదు. సింకు వైపే తిరిగి ఉండి అంది:

‘అన్నయ్యా, రేపు కాక ఎల్లుండి శనివారం. బల్ల ఉంటుందా?’

‘ఉంటుందమ్మా.’

‘వదిన లేదుగా.’

‘నేనుంటాను.’

ఆమె కుళాయి కట్టేసింది.

‘ఏడాదిన్నర ఆయన మందు ముట్టలేదన్నయ్యా. మళ్లీ మొదలైంది. ఈసారి పాప కార్లో ఉండకూడదు.’

ఇదంతా మన గ్రూపులో రాస్తానని ఆమెకు చెప్పాను. ‘పేరు లేకుండా రాయండి. ఇంకెవరైనా వస్తారేమో’ అంది. ఈ ఉదయం ఆఫీసరమ్మకు ఫోన్ చేశాను. లోపల గది ఖాళీగా ఉంచుతానంది. కౌన్సిలర్ కూడా వస్తుందట.

రేపు పొద్దున ఎనిమిదిన్నరకు వాళ్లింటి ముందు కారు ఆపుతాను. బయల్దేరే ముందు, ఆ రోజు నేనన్న మాటకు ఆమెకు క్షమాపణ చెప్తాను. స్టేషన్‌కి తీసుకెళ్లి, ఆ గది తలుపు దాకా ఆమెతో నడుస్తాను.