జబ్బుపడింది నేనే

ప్రొద్దుటూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరిన రెండో ఏడాది పిల్లలను గండికోట చూపించడానికి తీసుకుపోయాను. అక్కడ పెన్న రెండు ఎర్రటి బండగోడల మధ్య ఎంతో లోతున పారుతుంది. పిల్లల ముందు గొప్పకు పోయి ఆ గోడ వెంట కొంత దూరం దిగాను. ఒక అంచు మీద నిలబడ్డాక పైకీ పోలేను, కిందికీ పోలేను. బండను కరుచుకుని ఉండిపోయాను.

"కదలొద్దు సారూ," అని పక్క నుంచి ఒక గొంతు వినిపించింది. "కిందికి యాల చూస్తాండావు? నన్ను చూడు. ఎడమకాలు ఈడ పెట్టు."

భుజాన కంబళి, చేతిలో కట్టె, ఇంచుమించు నా ఈడువాడే. పులివెందుల దగ్గరి పల్లె. మేత కోసం ఆ ఎండాకాలం గొర్రెల మందను పెన్న గట్టుకు తోలుకొచ్చాడు. నన్ను పైకి చేర్చి, ఏమీ జరగనట్టు గొర్రెల వైపు వెళ్లిపోయాడు. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా నేనే అతన్ని వెతుక్కుంటూ గట్టుకు పోయేవాణ్ని, అలా స్నేహం కుదిరింది.

ఎవరెస్టు ఎక్కారన్న వార్త చదివినప్పటి నుంచి నాకు మంచుకొండల పిచ్చి. డార్జిలింగులో కొండలెక్కడం నేర్పుతారని, దరఖాస్తులు పిలుస్తున్నారని తెలిసినప్పుడు నా కాగితంతో పాటు అతని కాగితమూ నేనే నింపాను. అతను ఎనిమిదో తరగతి దాకా చదివాడు. "ఎక్కేదానికి ఈడ కొండలు లేవా?" అన్నాడట వాళ్ల నాయన.

ఆరు నెలలు తయారయ్యాం. ఆదివారం వస్తే జమ్మలమడుగులో కలుసుకుని, గోనెసంచుల్లో నాపరాతి ముక్కలు నింపి వీపున కట్టుకుని, పెన్న ఇసుకలోంచి కోట దాకా ఎక్కేవాళ్లం. మోటబావి మోకును నడుముకు చుట్టుకుని బండలు దిగేవాళ్లం. అంతా బాగానే ఉంది, మరి చలి ఎక్కడి నుంచి తేవాలి? ప్రొద్దుటూరులో ఐసు ఫ్యాక్టరీ నడిపే సాయిబును బతిమాలితే, ఐసుగడ్డలను ఊకలో కప్పిపెట్టే గదిలో కూర్చోనిచ్చాడు. గంటసేపు అందులో కూర్చుని మొద్దుబారిన వేళ్లతో తాడుకు ముడులు వేసేవాళ్లం.

"యా అల్లా! ఊరంతా ఎండకు మాడిపోతాంటే మీకు చలి కావల్సొచ్చిందేందప్పా!" అని సాయిబు తలుపు తీసినప్పుడల్లా నవ్వేవాడు. బయటికి రాగానే టీ తెప్పించేవాడు.

బండ మీద అతను నాకంటే ఎంతో మెరుగు. అది నాకు అప్పుడే తెలుసు. అయినా దరఖాస్తు నింపింది నేను కదా, దారి చూపింది నేను కదా అని మనసుకు సర్దిచెప్పుకునేవాణ్ని.

ఇద్దరికీ పిలుపు వచ్చింది. ఎర్రగుంట్లలో రైలెక్కి, మద్రాసు, కలకత్తా మీదుగా డార్జిలింగు చేరాం. అక్కడ మాకు నేర్పిన షెర్పా గురువు హిందీలోనే మాట్లాడేవాడు. పొట్టేళ్లు అమ్మడానికి సాయిబులతో బేరాలు ఆడీ ఆడీ నా స్నేహితుడికి ఉర్దూ వచ్చు. గురువు చెప్పిన ప్రతి మాటా నాకు అతని నోటి నుంచే తెలిసేది. పగలు ఎత్తుకు ఎక్కాలి, పడుకోవడానికి మళ్లీ కిందికి దిగాలి, పలచటి గాలికి ఒంటిని మెల్లమెల్లగా అలవాటు చేయాలి. తలనొప్పి వస్తే మాత్రం దాచకూడదు. ఈ మాట గురువు రోజూ చెప్పేవాడు.

నేను దాచాను. పద్నాలుగు వేల అడుగుల ఎత్తున గుడారాలు వేసుకున్న రోజే తల పగిలిపోయేంత నొప్పి. చెబితే కిందికి పంపేస్తారు. తిన్నట్టు నటించి అన్నం మంచులో పారబోశాను. మూడో రోజు పొద్దున, శిక్షణకు ముగింపుగా, ఎదురుగా ఉన్న శిఖరానికి బయలుదేరాలి. కోటు గుండీలు పెట్టుకోబోతే వేళ్లు నా మాట వినలేదు. అతను దగ్గరికి వచ్చి గుండీలు పెట్టాడు.

"ఏదీ, నాలుగడుగులు నడువు సారూ," అన్నాడు.

నడిచాను. పక్కకు ఒరిగిపోయాను.

"తాగినోని మాదిరి నడుస్తాండావు. ఎప్పట్నుంచి ఇట్ల?"

"ఏం లేదప్పా. ఎవరికీ చెప్పొద్దు. నీకు దండం పెడతా."

"దండం పెట్టినా చెప్తా. సచ్చిపోతావు సారూ."

వెళ్లి చెప్పాడు. నాకు తోడుగా ఒకరు దిగాలి. కూలీలంతా పైకి సామాను మోయాలి. నేర్చుకునేవాళ్లలో ఎవరు పోతారని గురువు అడిగితే ఎవరూ కదల్లేదు. అందరూ ఆ రోజు కోసమే వచ్చినవాళ్లు. "నేను పోతా," అన్నాడు అతను. గురువు అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. అదేమిటని నేను ఎప్పుడూ అడగలేదు.

దారి నిటారుగా ఉన్నచోట్ల నన్ను వీపున వేసుకుని దిగాడు. రెండు వేల అడుగులు దిగేసరికి నా తల తేటపడింది, ఆకలి కూడా వేసింది. వెనక్కి తిరిగి చూస్తే మావాళ్లు మంచు మీద నల్లటి చుక్కల్లా పైకి పోతున్నారు. అతనూ చూశాడు. తర్వాత సంచి విప్పి, "గంజి కాచేదా సారూ?" అన్నాడు.

మేము రాకముందే ఊరికి కబురు చేరింది. ఇద్దరిలో ఒకరు జబ్బుపడితే రెండోవారు దింపుకొచ్చారని. ఎవరు ఎవరిని దింపారో ఎవరూ అడగలేదు. బడిలో సభ పెట్టారు. హెడ్మాస్టరు లేచి, "తోటివాడి ప్రాణం కోసం మన మాస్టారు శిఖరాన్నే వదులుకున్నారు," అన్నారు. చప్పట్లు మోగాయి. నా మెడలో దండ వేశారు. అతను వరండా చివర స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు, పక్కన వాళ్ల నాయన. ఒక్కసారి నా కళ్లలోకి చూశాడు. నా వంతు వచ్చినప్పుడు లేచి, మంచు గురించీ చలి గురించీ పావుగంట మాట్లాడి కూర్చున్నాను. ఒక్క వాక్యం సరిపోయేది. నోరు రాలేదు.

రెండు నెలల తర్వాత అతను బడికి వచ్చాడు. కొండల్లో కాపలా తిరిగే ఉద్యోగం ఒకటి ఉందని తెలిసి పోతే, "నువ్వు కొండ మీద జబ్బుపడినోనివంట కదా" అని పంపేశారట.

"ఒక్క కాగితం రాసియ్యి సారూ. జబ్బుపడింది నేను కాదని రాస్తే సాలు. నువ్వని రాయొద్దులే."

రెండు రోజులాగి రమ్మన్నాను. ఆ రెండు రోజులూ ఆలోచించి, ఇతను నిజాయితీపరుడు, కష్టపడే మనిషి అని రాసి సంతకం పెట్టాను. అతను వచ్చి, నా ముందే నిలబడి చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుని, "వస్తా సారూ," అన్నాడు. మళ్లీ నా దగ్గరికి రాలేదు.

ఏడేళ్లు గడిచాయి. ఆటల పోటీలకు పిల్లలతో పులివెందుల పోయినప్పుడు అతని పల్లె వెతుక్కుంటూ వెళ్లాను. గొర్రెలు తగ్గించి శెనక్కాయ పండిస్తున్నాడు. నన్ను చూసి మంచం వాల్చాడు, మజ్జిగ తెచ్చాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ చెప్పేశాను. ప్రొద్దుటూరులో మళ్లీ సభ పెట్టించి అందరి ముందూ నిజం చెబుతానన్నాను.

"ఇప్పుడు ఎవురికి చెప్తావు సారూ?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "కొండ ఎక్కలేదని నాకు బాధ లేదు. ఉద్యోగం పోయినా యట్లనో బతుకుతాండా. మా నాయనకు ఎన్నిసార్లు చెప్పినా నమ్మల్య. సదువు చెప్పే అయ్యోరు అబద్ధం చెప్తాడా, నువ్వే సిగ్గుపడి దాస్తాండావు అనేటోడు. ఆయన పోయి రెండేండ్లాయ."

నేను తల దించుకుని మజ్జిగ తాగాను. వాళ్ల నాయనకు చెప్పాల్సిన మాట ఇక ఎవరికి చెప్పినా ప్రయోజనం లేదని అప్పుడు అర్థమైంది. అతను బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

అయినా ఊరికి తిరిగొచ్చాక ఒకరోజు పొద్దున ప్రార్థన అయ్యాక నిజం చెప్పాను. ఆనాటి హెడ్మాస్టరు ఉద్యోగం మాని వెళ్లిపోయి చాలాకాలమైంది. ఆ సభ చూసిన పిల్లలు ఎవరూ బడిలో లేరు. నా ముందున్నవాళ్లు ఎండలో ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, ఎప్పుడు తరగతులకు పంపుతానా అని చూస్తున్నారు.