స్వరూపను ఎవరూ ‘పాపం’ అనొద్దు

నిన్న సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్ దగ్గర బస్ దిగుతుంటే ఫోన్ వచ్చింది. స్వరూప ఇక లేదట.

"ఏ స్వరూప?" అన్నాను. తెలిసి కూడా అడిగాను.

జ్వరం ముదిరి నిమోనియా అయింది. మళ్లీ లేవలేదు.

పొద్దున్నుంచి ఆమె ఫొటో కింద కామెంట్స్ చూస్తున్నాను. "పాపం, బాధ నుంచి బయటపడింది" అంట!

ఎవరండీ మీకు చెప్పింది? ఆమె బతకాలనుకుంది. నాకు ఒళ్లు మండిపోతోంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా.

నాచారంలో మందుల డబ్బాలు ప్యాక్ చేసే కంపెనీలో మా ఇద్దరిదీ ఒకే టేబుల్. రోజంతా నిలబడే పని. ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాలను దెబ్బతీసే జబ్బు. ఆమెది వచ్చి పోయే రకం. ఒక వారం బతుకమ్మ ఆడేది, తర్వాతి వారం కాలు ఈడ్చుకుంటూ వచ్చేది.

అదే ఆమె కొంప ముంచింది.

"నిన్న మంచిగనే ఉన్నవ్ గదా! నాటకాలా?" అనేవాడు మా సూపర్‌వైజర్ మల్లేశ్ అన్న. పనిలోంచి తీయించేస్తానన్నాడు. పిల్లల చదువులన్నీ ఆ జీతం మీదే.

అప్పుడే పెద్దాసుపత్రిలో ఒక స్టడీ పెట్టారు. జబ్బు వచ్చి పోయేవాళ్లను, రోజురోజుకీ ముదిరేవాళ్లను, ఏ జబ్బూ లేనివాళ్లను పోల్చి చూస్తారట. స్వరూపనూ రమ్మన్నారు. తన వయసువాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే తీసుకురమ్మన్నారు.

అందరూ వదిననో మరదలినో తీసుకెళ్తారు. ఈ మహాతల్లి మల్లేశ్ అన్నను పిలిచింది! అదీ మా అందరి ముందు.

"నాటకమన్నవ్ గద అన్నా. జర నాతోని దవాఖానకు రా. నిన్నూ నన్నూ పక్కపక్కన వెట్టి సూస్తరంట. భయమైతుందా?"

భయం అనేసరికి ఒప్పుకున్నాడు. తమాషా చూద్దామని నేనూ వెళ్లాను.

స్వరూప పట్టుచీర కట్టి, మల్లెపూలు పెట్టుకుని పెళ్లికొచ్చినట్టు వచ్చింది. మల్లేశ్ అన్న నైట్ డ్యూటీ దిగి తూలుతూ వచ్చాడు. అక్కడి నర్సమ్మ పేషెంటు ఆయనే అనుకుని సీదా వెళ్లి రెక్క పట్టుకుంది.

"మెల్లగ కూసో అన్నా, పడ్తవ్."

స్వరూప నవ్వు చూడాలి అప్పుడు!

తర్వాత టెస్ట్. చిన్న చిన్న పుల్లలు తీసి బోర్డు మీది రంధ్రాల్లో పెట్టాలి. మల్లేశ్ అన్న చకచకా పెట్టేశాడు. స్వరూప కుడిచెయ్యి బాగానే ఆడింది. ఎడమచెయ్యికి వచ్చేసరికి పుల్లలు జారిపోతున్నాయి. మొహమంతా చెమట.

నర్సమ్మకే జాలేసింది. "చాలు అక్కా, ఆపెయ్."

"ఎందుకాపాలె? ఇంక అయిపోలే."

చివరి పుల్ల దాకా పెట్టింది. మల్లేశ్ అన్న తల ఎత్తలేదు.

మర్నాడు మా టేబుల్ దగ్గర ఆమె కోసం ఒక కుర్చీ వేయించాడు. స్వరూప కూర్చోలేదు.

"నాకొక్కదానికేంది? వీళ్లు పొద్దుందాక నిలబడ్తలేరా? అందరికెయ్యి, అప్పుడు కూసుంట."

మస్తు లొల్లి అయింది. ఆమె టేబుల్ పట్టుకుని నిలబడింది. మేమూ పని ఆపి ఆమె పక్కన నిలబడ్డాం. ఆఖరికి అందరికీ కుర్చీలు వచ్చాయి. అప్పుడు కూర్చుంది, కాలు మీద కాలేసుకుని.

ఇవాళ కంపెనీలో ఆమెకు గౌరవంగా నిలబడి పని చేద్దామని ఎవరో అన్నారు. మల్లేశ్ అన్న ఒప్పుకోలేదు.

"కూసోండ్రి. గా కుర్చీలు ఆమె కొట్లాడి తెచ్చింది."

అంటూనే ఏడ్చేశాడు.

మేం కూర్చున్నాం.

పోయిరా స్వరూపా. నీ ఆత్మ ఇక చల్లగా ఉండాలి. ఇక్కడి లొల్లి మేం చూసుకుంటాం.